ఈదిందా, ఈదాడా?

మావాడికి ఆరేళ్ళు. రాత్రి పుస్తకం లేనిదే పడుకోడు. పోయిన వేసవిలో ఒక రాత్రి కమలా భసీన్ రాసిన ‘మాలూ భాలూ’ చదువుతున్నాను. ఈత నేర్చుకుని ధైర్యం తెచ్చుకునే తెల్ల ఎలుగుబంటి పిల్ల కథ. మా దగ్గరున్నది ఇంగ్లీషు ప్రతి. బొమ్మ చూపిస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుంటూ పోతాను. రెండు పేజీలయ్యాక వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అమ్మా, ఇది ఆడపిల్లా, మగపిల్లాడా?”

“ఆడపిల్లే.”

“మరి ఎలుగుబంటి మామ అన్నావుగా?”

అన్నానా? అన్నాను. “అప్పుడు మన ఎలుగుబంటి మామ నీళ్ళలోకి బుడుంగుమని దూకాడు” అన్నాను. పుస్తకంలో స్పష్టంగా ‘షీ’ అని ఉంది. కమలా భసీన్ జీవితమంతా ఆడపిల్లల గురించి రాసి, పాడి, ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. 2021లో పోయారు. ఆవిడ పనిగట్టుకుని ఒక ఆడ ఎలుగుపిల్లని తయారుచేసి పంపిస్తే, నేను ఒక్క మాటతో దానికి మీసాలు పెట్టేశాను.

పుస్తకాలకు కొత్తదాన్నయితే పోనీ అనుకోవచ్చు. పగలు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నెలలో 20వ తారీకు దాటిందంటే ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత పది రోజులు రాత్రిళ్ళు పిల్లల కథలు తెలుగు చేస్తుంటాను. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఎవరైనా కథలు ఉచితంగా చదువుకోవచ్చు, తమ భాషలోకి మార్చి పెట్టొచ్చు. ఇక ఆదివారం సాయంత్రం ఐదింటికి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, వాటర్ ట్యాంకు నీడలో రెండు చాపలు పరిచి పిల్లలకు బొమ్మల పుస్తకాలు చదువుతాను. ఒక వారం పద్నాలుగు మంది వస్తారు, ఒక వారం ముగ్గురు. టీవీలో క్రికెట్ ఉంటే ఒక్కడే, వాడూ మావాడే.

రెండేళ్ళుగా ‘ఇది ఆడపిల్లల పని, అది మగపిల్లల పని’ అనే గీతని చెరిపే పుస్తకాలని ఏరి మరీ తెస్తున్నాను. తెచ్చి చదివితే చాలనుకున్నాను. పుస్తకానికీ పిల్లాడి చెవికీ మధ్య నా నోరొకటి ఉందని ఆ రాత్రి దాకా తట్టలేదు.

తెలుగులో ఒక తమాషా ఉంది. సీత వచ్చింది, ఆవు వచ్చింది, గుడివాడ బస్సు వచ్చింది. రాముడొక్కడే వచ్చాడు. అదే ఇద్దరయితే లెక్క మారిపోతుంది. సీతా గీతా వచ్చారు, ఆవులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. అంటే ఆడమనిషి ఒక్కత్తే ఉంటే బస్సుతో జమ, పక్కన ఇంకొకరుంటే మనుషుల్లో జమ. ఏ పండితుడు పెట్టాడో గానీ, డెబిట్లూ క్రెడిట్లూ చూసుకునేదాన్ని కాబట్టి నాకు ఈ పద్దు నవ్వు తెప్పిస్తుంది.

ఆ లెక్కన మన భాషలో జంతువులన్నీ ఆడవాళ్ళ వైపే ఉన్నాయి. పులి గాండ్రించింది. ఏనుగు ఘీంకరించింది. ఆఖరికి ఎద్దు కూడా రంకె వేసింది. 1936లో అమెరికాలో మన్రో లీఫ్ రాయగా రాబర్ట్ లాసన్ బొమ్మలు వేసిన ‘ఫెర్డినాండ్’లో ఎద్దు పోట్లాటకు రానంటుంది, చెట్టు కింద కూర్చుని పూల వాసన చూస్తుంటుంది. నియంత ఫ్రాంకో పాలనలో స్పెయిన్‌లో ఆ పుస్తకాన్ని నిషేధించారు. మగతనానికి గుర్తుగా నిలబెట్టుకున్న ఎద్దు పూలు వాసన చూస్తే పెద్దవాళ్ళకి ఎంత కంగారో చూడండి. నేను టెర్రస్ మీద “ఎద్దు కూర్చుంది, పువ్వుని వాసన చూసింది” అని చెబితే ఒక్క పిల్లా పిల్లాడూ కదల్లేదు. ‘కూర్చుంది’లో మీసం లేదు కదా.

కానీ వ్యాకరణం వదిలిపెట్టిన చోట మన వరసలు పట్టుకుంటాయి. నక్కబావ, కోతిబావ, ఎలుగుబంటి మామ, ఏనుగు తాత. బలం, జిత్తులు, కొంటెతనం ఉన్నవన్నీ బావలూ మామలూ. కాకమ్మ, పిచ్చుకమ్మ, ఆవమ్మ అయితే గూడు కడతాయి, పాలిస్తాయి, కబుర్లు చెబుతాయి. మన ఏడు చేపల కథలో రాజుగారికి ఏడుగురూ కొడుకులే. అందులో మిగిలిన ఆడమనిషి అవ్వ ఒక్కత్తే, ఆవిడ పని అన్నం పెట్టడం. ఆవిడ పెట్టకపోతే ఆవు మేయదు, చేప ఎండదు. అంత ముఖ్యమైన మనిషిని ఇన్నేళ్ళూ అవ్వా అవ్వా అంటూ నిలదీయడమే మన పని.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదులెండి. 1972లో లెనోర్ వైట్జ్‌మన్, ఆమె తోటి పరిశోధకులు అమెరికాలో కాల్డెకాట్ బహుమతి వచ్చిన చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలని ముందేసుకుని బొమ్మలు లెక్కపెట్టారు. మగవాళ్ళ బొమ్మలు 261, ఆడవాళ్ళవి 23. జంతువుల దగ్గరికొచ్చేసరికి మగవి 95 ఉంటే ఆడది 1. ఆ పుస్తకాల్లో ఉద్యోగం చేసే ఆడమనిషి ఒక్కరూ లేరు. బొమ్మని బొమ్మగా లెక్కపెట్టడం నాకు నచ్చింది. వాదన అవసరం లేదు, పుస్తకం తెరిచి వేలు పెట్టుకుంటూ పోవడమే. మా ఆఫీసులో వోచర్లు అలాగే సరిచూస్తాం.

అనువాదంలో ఇంకో తలనొప్పి. ఆరేళ్ళ మగపిల్లాడు అనగానే ‘వాడు’ అంటాం, ముద్దుగా ఉంటుంది. అదే వయసు ఆడపిల్లని ఏమనాలి? మా తెనాలి వైపు ఇంట్లో ‘అది’ అనే అంటాం, అందులోనూ ముద్దే ఉంది, కానీ అచ్చులో చూస్తే తీసిపారేసినట్టుంటుంది. ‘ఆమె’ అంటే ఆ పిల్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టడానికి వచ్చినట్టుంటుంది. ‘తను’ కొంత నయం. నేను మాత్రం పేరే మళ్ళీమళ్ళీ రాస్తాను. సౌమ్యా రాజేంద్రన్ కథలో బరువులెత్తాలని ముచ్చటపడే నీల అనే రాకుమారి ఉంది. ఆ కథ చదివిన రోజు ‘నీల’ అనే మాట నలభైసార్లు అని ఉంటాను. పిల్లలకి అది విసుగనిపించలేదు. చివర్లో వాళ్ళే నీల, నీల అని అరిచారు.

ఆడపిల్ల గెలిచే కథలు టెర్రస్ మీద ఎప్పుడూ ఫెయిలవ్వవు. రాబర్ట్ మన్ష్ రాసిన ‘పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్’ కెనడాలో 1980లో వచ్చింది. ఆయన పిల్లల సంరక్షణ కేంద్రంలో కథలు చెప్పే రోజుల్లో, ఎప్పుడూ రాజకుమారుడే రాజకుమారిని కాపాడతాడేం, ఒకసారి తిరగేయకూడదా అని భార్య అడిగిందట. అలా పుట్టింది. డ్రాగన్ కోటని, బట్టలన్నిటినీ తగలబెట్టి రాకుమారుణ్ణి ఎత్తుకుపోతుంది. రాకుమారి ఎలిజబెత్ కాగితం సంచీ తొడుక్కుని వెళ్ళి, డ్రాగన్‌ని పొగిడి పొగిడి అలసిపోయేలా చేసి వాణ్ణి విడిపిస్తుంది. వాడేమో, ఆ మసి మొహం ఏంటి, రాకుమారిలా తయారై రా పో అంటాడు. అప్పుడు ఎలిజబెత్ వాణ్ణి ఒక మాట అంటుంది. ఆ ఇంగ్లీషు మాటకి తెలుగు ఏమిటా అని రెండు రోజులు ఆలోచించి, “నువ్వు ఉత్త సన్నాసివి” అన్నాను. పిల్లలు చాప మీద దొర్లి దొర్లి నవ్వారు. వారం పాటు మా లిఫ్టులో ఒకళ్ళనొకళ్ళు సన్నాసీ అనే పిలుచుకున్నారు. సెక్యూరిటీ ఆయన నాకు ఫిర్యాదు చేశాడు.

ఆడపిల్లల తల్లులైతే మరీ సంతోషించారు. “ఇలాంటివే చదవండి, ధైర్యం వస్తుంది” అన్నారు. నిజమే. ఆడపిల్ల మగపిల్లాడిలా ఉంటే మనం సగం తిడుతూ సగం మురిసిపోతాం. ‘మగరాయుడు’ అనే మాటని ఎంత గర్వంగా అంటారో వినండి. నాన్నలు కూతుళ్ళని “ఏరా బంగారం, తిన్నావా” అంటారు. ఎవరైనా కొడుకుని “ఏమే, తిన్నావా” అనడం విన్నారా? అన్నారంటే అది వెక్కిరింపే. మగరాయుడికి ఎదురుగా మనకున్న మాట ‘ఆడంగి’. అందులో సగం మురిపెం కూడా లేదు, మొత్తం తిట్టే.

ఇలాంటి మాటే పేరులో ఉన్న పుస్తకం ఒకటుంది, టోమీ డిపావొలా 1979లో రాసి బొమ్మలు వేశాడు. నాట్యం చేయడం ఇష్టమైన ఆలివర్ బటన్ అనే పిల్లాడి గురించి తోటి పిల్లలు బడి గోడ మీద ఆ మాట రాస్తారు. దాన్ని నేను తెలుగు చేయలేదు. చేస్తే ఆ మాట పిల్లలకు నేనే నేర్పినట్టవుతుందేమోనని భయం. ఆ భయం సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. వాళ్ళకి తెలియని మాటేం కాదు, సెల్లార్లో ఆడుకునేటప్పుడు రోజూ వినపడుతూనే ఉంటుంది.

మగపిల్లల పుస్తకాలతోనే అసలు సంగతులన్నీ బయటపడ్డాయి.

ముందు ‘సాదిక్ వాంట్స్ టు స్టిచ్’. మమతా నైనీ రాసింది, కరాడి టేల్స్ వాళ్ళు 2018లో వేశారు. కాశ్మీర్‌లో గొర్రెల వెంట తిరిగే బకర్వాల్ కుటుంబంలో పిల్లాడికి తివాచీల మీద కుట్టుపని అంటే ప్రాణం. అది ఆడవాళ్ళ పనిరా, నువ్వు మందని చూసుకో అంటుంది తల్లి. నీలోఫర్ వాడియా వేసిన బొమ్మలు చూస్తూ కూర్చోవచ్చు, కొండలు, గుడారాలు, రంగుల దారాలు. నేను గొంతులో బరువు పెట్టి చదువుతున్నాను. మూడో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. “ఆంటీ, కుట్టేది మగవాళ్ళే కదా?”

అంతే, అందరూ అందుకున్నారు. మా గేటు పక్కన మిషన్ పెట్టుకున్న టైలర్ మగవాడే. మగ్గం వర్క్ చేసే అన్నలు మగవాళ్ళే. మరి సాదిక్ వాళ్ళమ్మకి ప్రాబ్లం ఏంటి? కథలో ముడి పడాల్సిన చోట మా టెర్రస్ మీద ముడే పడలేదు. అక్కడ ఆడపని ఇక్కడ మగపని. ఊరు మారితే గీత కూడా జరుగుతుందన్నమాట. అయితే అదే పిల్లని, మీ ఇంట్లో గుండీ ఊడితే ఎవరు కుడతారు అంటే “అమ్మ” అంది. డబ్బులొస్తే మగపని, రాకపోతే ఆడపని అని అక్కడ ఐదో తరగతి వాడొకడు తేల్చాడు. ఏ పుస్తకంలో చదివాడో తెలియదు. వాళ్ళ నాన్నది క్యాటరింగ్.

తర్వాత ‘కాళీ వాంట్స్ టు డాన్స్’. అపర్ణా కార్తికేయన్ రాసింది, ప్రథమ్ పుస్తకమే. చెన్నై దగ్గర కోవళం అనే జాలరి ఊళ్ళో పుట్టి, కళాక్షేత్రలో భరతనాట్యం నేర్చుకున్న కాళీ అనే నిజం మనిషి కథ. దీన్ని ఇంట్లో సోఫాలో కూర్చుని చదువుతున్నాను. పక్కన మా అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మగపిల్లాడు గజ్జె కట్టుకునే బొమ్మ రాగానే ఏమంటుందోనని ఓరకంట చూశాను. ఆవిడ తల ఎత్తి చూసి, “మగాళ్ళే కదా కట్టేది” అంది.

అత్తయ్యది పామర్రు దగ్గర పల్లెటూరు. కూచిపూడి అక్కడికి కూతవేటు. ఆవిడ చిన్నప్పుడు కూచిపూడి భాగవతుల్లో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవాళ్ళు. వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామని చూశానని చెప్పడం మొదలుపెట్టింది. చిక్కుడుకాయలు పక్కకు జరిగిపోయాయి. “ఆ జడ ముందుకేసుకుని నడుస్తుంటే, ఇంటికొచ్చాక మా అక్క అద్దం ముందు ఆ నడక నడిచి చూసుకునేది. ఆడవాళ్ళం, మేం ఆయన్ని చూసి నేర్చుకున్నాం నడక” అంది. శర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఆయన గురించి మా అత్తయ్య ‘ఆడంగి’ అనే మాట ఎన్నడూ వినలేదట.

నేను అక్కడితో సంబరపడిపోయి, “అయితే మనవణ్ణి డాన్సులో చేర్పిద్దామా అత్తయ్యా” అన్నాను. “ఇప్పుడు ఆడపిల్లలే వెళ్తున్నారుగా, వీడొక్కడూ ఏం వెళ్తాడు” అని చిక్కుడుకాయలు దగ్గరికి లాక్కుంది.

ఇన్ని తరాలు మగవాళ్ళ సొత్తుగా ఉన్న పని, ఆడపిల్లలు నేర్చుకోవడం మొదలెట్టాక, ఒక్క జీవితకాలంలో ‘ఆడపిల్లల క్లాసు’ అయిపోయింది. ఎప్పటినుంచో వస్తోంది అని మనం అనుకునేవాటి వయసు అప్పుడప్పుడు అడిగి చూడాలి. దీని మీద తెలుగులో ఒక బొమ్మల పుస్తకం ఉంటే ఎంత బాగుండు! అద్దం ముందు సత్యభామ నడక నడుస్తున్న పల్లెటూరి పిల్ల, ఆ నడక నేర్పినాయన మగవాడు. నాకు బొమ్మలు రావు. వచ్చినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఈ కథ తీసుకోండి, నాకేం వాటా వద్దు.

మనవి అనదగ్గ పుస్తకాలు అసలు లేవని కాదు. హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి వాళ్ళు 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ అని ఒక వరస తెచ్చారు, మామూలుగా పిల్లల పుస్తకాల్లో కనపడని ఇళ్ళు, వంటలు, బడులు వాటిలో ఉంటాయి. అందులో గోగు శ్యామల కథలో బాలమ్మ తెల్లవారకముందే లేచి పొలానికి నీళ్ళు పెట్టడానికి పోతుంది. ఊరు ఆ పిల్లకి పెట్టిన పేరు తాటకి. అది చదివాక నాకు నా పుస్తకాల బీరువా మీదే అనుమానం వచ్చింది. నేను ఏరి తెచ్చే కథల్లో ఆడపిల్ల ఇంట్లోంచి బయటికి రావడమే పెద్ద సాహసం. బాలమ్మని లోపల కూర్చోమన్నది ఎవరు? సుకుమారి, సిగ్గరి, గడప దాటనిది అనే బొమ్మ ఎవరింటి ఆడపిల్లదో, అది చెరిపితే ఎవరింటి గోడ బాగుపడుతుందో ఇంతకుముందు ఆలోచించలేదు. మా పనమ్మాయి కూతురు కూడా ఆదివారాలు వస్తుంది. రాకుమారి కథలు నవ్వుతూ వింటుంది. తాటకి కథ రోజు మాత్రం నవ్వలేదు, ముందుకు జరిగి కూర్చుంది.

ఇక గుఠ్లి సంగతి. ఇది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

కనక్ శశి రాసి బొమ్మలు వేసిన ‘గుఠ్లి హ్యాజ్ వింగ్స్’, చెన్నైలోని తూలికా వాళ్ళది. ఇంట్లో అందరూ నువ్వు అబ్బాయివి అంటారు, గుఠ్లి మాత్రం తనని అమ్మాయిగానే అనుకుంటుంది, అక్కకు ఉన్నలాంటి గౌను కావాలంటుంది. ఆ ఆదివారం తొమ్మిది మంది ఉన్నారు. మొదటి వాక్యంలోనే నా నోరు ఇరుక్కుపోయింది. గుఠ్లి గౌను వేసుకున్నాడా, వేసుకుందా? ‘డు’ అంటే ఇంట్లోవాళ్ళ పక్షం, ‘ది’ అంటే గుఠ్లి పక్షం. ఇంగ్లీషులో సర్వనామం ఒక్కటి చూసుకుంటే చాలు, మనకు ప్రతి క్రియ చివరా తీర్పు చెప్పాలి. నేను మొదటి రెండు పేజీలు ‘డు’ అని, మూడో పేజీలో ‘ది’ అని, పిల్లల్ని తికమక పెట్టేశాను.

ఆ రాత్రి వాట్సాప్‌లో ఒక పిల్లాడి తల్లి మెసేజ్ పెట్టింది. “ఇక నుంచి మావాడు రాడండీ. ఏమీ అనుకోకండి.” అంతే, ఒక్క పరుషమైన మాట లేదు. సన్నాసి కథకు అందరికంటే ఎక్కువ నవ్విన తల్లి ఆవిడే. నాకు కష్టమనిపించింది, కోపం కూడా వచ్చింది. ఆవిడతో దీని గురించి మాట్లాడాలని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇప్పటికీ లిఫ్టులో కలిస్తే ఎండల గురించి మాట్లాడుకుంటాం.

చదవడం తప్పని నేను అనుకోవడం లేదు. చదివిన తీరు మాత్రం బాగాలేదు. నెల తర్వాత పుస్తకం మళ్ళీ ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. తెలుగులో ‘నేను వేసుకున్నాను’లో ఆడామగా లేదు. ‘నువ్వు వేసుకున్నావు’లోనూ లేదు. హిందీలో ‘నేను’ దగ్గరే తేడా వచ్చేస్తుంది, మనకు రాదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నంతసేపూ మన క్రియలకి ఆ గొడవే పట్టదు, అక్కడ లేని మూడో మనిషి గురించి చెప్పుకునేటప్పుడే ‘డు’, ‘ది’ వస్తాయి. అందుకని గుఠ్లి చేతే చెప్పించాను. “నేను గుఠ్లిని. నేను పరుగెత్తుతాను. నేను చెట్టెక్కుతాను. నాకు అక్కకు ఉన్నలాంటి గౌను కావాలి.” రెండోసారి విన్నది నలుగురే, అందులో మావాడొకడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకడు మాత్రం గౌనుకి జేబులున్నాయా అన్నాడు.

చివరగా మా మామగారి సంగతి. ఆయన గుడివాడ డిపోలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇంట్లో కాఫీ గ్లాసు సింకు దాకా తీసుకెళ్ళిన మనిషి కాదు. తీసుకెళ్ళరాదని కాదు, ఆ దారి ఆయన రూట్ మ్యాప్‌లో లేదు. 2024లో కేరళలో మూడో తరగతి పుస్తకంలో వంటింటి బొమ్మ ఒకటి ఫోన్లలో తెగ తిరిగింది, మీరూ చూసే ఉంటారు. తండ్రి కింద కూర్చుని కొబ్బరి కోరుతుంటాడు. పెద్ద విశేషం లేని బొమ్మ, అందుకే నాకు నచ్చింది. అందులో తండ్రి ఎవరినీ ఉద్ధరిస్తున్నట్టు ఉండడు, కొబ్బరి కోరుతుంటాడంతే. నేను ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మూడు నాలుగు వారాలు గడిచాయి. ఒకరోజు ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసా తీసుకుంటూ మామగారు ఆ బొమ్మ ముందు ఆగారు.

“కొబ్బరేముంది, ఎవడైనా కోరతాడు. నేను వంకాయ కూర చేస్తే డిపో డిపో వచ్చేది” అన్నారు.

అందరం ఆయన వైపు తిరిగాం. అత్తయ్య టీవీ సౌండు తగ్గించింది.

నైట్‌హాల్ట్ సర్వీసులంట. రాత్రి ఆఖరి బస్సు పల్లెటూరికి వెళ్ళి అక్కడే ఆగుతుంది, తెల్లారి మొదటి బస్సుగా బయల్దేరుతుంది. డ్రైవరూ కండక్టరూ బస్సులోనే పడుకోవాలి. హోటలు ఉండదు. సీటు కింద చిన్న కిరసనాయిలు స్టవ్, ఒక గిన్నె, ఒక మూకుడు. ఊళ్ళో ఎవరో ఒకరు లేత వంకాయలు ఇచ్చేవాళ్ళు. గుత్తొంకాయకి కారం కూరేది ఈయన, అన్నం వార్చేది కండక్టరు. పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలో, స్టవ్ పొగ వాసన కూరకు పట్టకుండా ఏం చెయ్యాలో, అన్నీ చెప్పారు. పదకొండేళ్ళు వండారట అలా.

“ముప్పై తొమ్మిదేళ్ళయింది మన పెళ్ళయి. ఈ ముక్క నాకెందుకు చెప్పలేదండీ?” అంది అత్తయ్య. గొంతులో కోపమో నవ్వో నాకు అర్థం కాలేదు.

“నువ్వెప్పుడడిగావు?”

“మీరెప్పుడు ఆకలేస్తోందని తప్ప ఇంకోటి మాట్లాడారు?”

మావాడు ఇద్దరి మధ్యా దూరి, “తాతయ్యా, మరి ఇంట్లో ఎందుకు వండవు?” అన్నాడు.

మామగారు సీసా మూత బిగించడానికి చాలాసేపు తీసుకున్నారు. “ఈ గ్యాస్ స్టవ్ మీద ఆ రుచి రాదురా. కిరసనాయిలు స్టవ్ కావాలి” అన్నారు.

అప్పట్నుంచీ మావాడు రోజూ నన్ను, కిరసనాయిలు స్టవ్‌లు ఎక్కడ అమ్ముతారని పీక్కు తింటున్నాడు. మోండా మార్కెట్లో అడిగి చూడమన్నారెవరో. ఈ నెల 20 దాటాక వెళ్ళాలి.